ఖాళీగా వెళ్ళిన బాణలి

తొమ్మిదో నెల, నాలుగు

మా ఆవిడ చ్యూయున్ పొద్దున్నే పడవెక్కి అవతలి ఒడ్డుకు, వాళ్ళక్క ఇంటికి వెళ్ళింది. అక్కకు మోకాళ్ళ నొప్పులు. నాలుగు రోజులుండి వస్తుంది కాబోలు. ఎన్నాళ్ళని నేనడగలేదు, తను చెప్పలేదు.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. వినే మనిషి లేదు కనక ఇలా రాస్తున్నాను. డెబ్భై మూడేళ్ళు నోటితో బతికినవాడు ఒక్కసారిగా నోరు మూసుకుంటే జబ్బు చేస్తుంది. కాగితాల కోసం వెతకనక్కరలేదు. గోడకు క్యాలెండరుంది. రోజుకొక కాగితం చింపేదే, వెనకంతా తెలుపు. ఇన్నేళ్ళూ ఇంత తెలుపు పొయ్యిలో పెట్టామే అని ఇవాళ బాధేసింది.

ఆ క్యాలెండరు వేలాడేది ఒక పాత నాలుగు పలకల మేకుకు. తుప్పుపట్టి వంకరపోయింది. మంచి మేకు కొడతానని ఏటా అంటాను. "దాని జోలికెళ్ళకు" అని చ్యూయున్ ఏటా అంటుంది. ఎందుకని అడగలేదు. ఆడవాళ్ళకు కొన్ని వస్తువుల మీద అభిమానం ఉంటుంది, కారణం అడిగితే పోట్లాట.

ఒక సంగతి రాయాలి. బాణలి తీసుకెళ్ళింది. తోమి, నూనె గుడ్డతో తుడిచి, తువ్వాల్లో చుట్టి, చంకన పెట్టుకుని తీసుకెళ్ళింది. ఖాళీగా.

తొందరలో ఉండి ఉంటుంది.

తొమ్మిదో నెల, అయిదు

బాగానే ఉన్నాను. నిద్ర బాగా పట్టింది.

తొమ్మిదో నెల, ఆరు

బాణలి లేని ఇంట్లో మనిషి ఎన్ని రోజులు ఉండగలడంటే ఒకటిన్నర రోజు. పక్కన లియావ్ టీకొట్టుకెళ్ళాను. లియావ్ మొగుడు పోయాక పద్ధెనిమిదేళ్ళుగా ఆ కొట్టు నడుపుతోంది. నేను నలభై ఏళ్ళుగా అక్కడే కూచుని కథలు చెబుతున్నాను. బల్లల్లో ఒకదానికి నా మోచెయ్యి ఆకారం పడింది.

"ఒక బాణలి ఎరవియ్యమ్మా" అన్నాను.

"ఏం అన్నా, ఊరందరి బాణళ్ళ చిల్లులకూ మాట్లు వేసినవాడివి, నీకు బాణలి లేదా?"

"చ్యూయున్ పట్టుకెళ్ళింది. వాళ్ళక్కకు మోకాళ్ళు..."

"మోకాళ్ళ నొప్పులకు బాణలి కాచి పెడతారా?"

ఆవిడ బాణలి తీసిచ్చింది గానీ చెయ్యి వదల్లేదు. ఇద్దరం బాణలి చెరో చెవి పట్టుకుని నిలబడ్డాం.

"మూడో తారీఖు గూ టీచరు టేప్ రికార్డరు పెట్టుకుని కూచున్నప్పుడు ఏమన్నావో గుర్తుందా అన్నా?"

"ఊరి పేరు కథ చెప్పాను. ఆవిడ అడిగింది, కొత్త వంతెన పక్కన రాయి మీద చెక్కిస్తారట."

"కథ సరే. కథయ్యాక?"

కథయ్యాక నవ్వించడానికి ఒక మాటన్నాను. ప్రతి కథకూ ఒక తోక తగిలిస్తాను, అలవాటు. "మా ఇంట్లోనూ ఇదే బాపతు! బాణలికి మాటు వేయించుకుందామని వచ్చింది, వెళ్ళడానికి దిక్కులేక ఉండిపోయింది!" అన్నాను. బాగా నవ్వారు. ఒకాయన నోట్లోంచి గుమ్మడి గింజలు గూ టీచరు ఒళ్ళో పడ్డాయి.

"నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను, అదే నా సిగ్గు" అంది లియావ్. "కానీ గుమ్మం వైపు మొహం ఉన్నది నాకొక్కదానికే. వదిన అక్కడ నిలబడి ఉంది, నీ కోటు పట్టుకుని. లోపలికొచ్చి, బల్ల మీద పెట్టి, కాలరు మడత సరిచేసి మరీ వెళ్ళింది."

కోటు ఎలా వచ్చిందా అని ఆరోజు నేననుకోనేలేదు. తొడుక్కుని ఇంటికొచ్చాను.

అయినా ఆ రోజు అంత చలి లేదు. కోటెందుకు తెచ్చిందో.

తొమ్మిదో నెల, ఎనిమిది

పని మొదలుపెట్టాను. ఊరి పేరు కథ నూట ఇరవై అక్షరాల్లో కావాలంది గూ టీచరు. ఆవిడ మండల సంస్కృతి కేంద్రంలో పని చేస్తుంది, టీచరన్నది మర్యాదకే. నలభై దాటింది, మంచి మనిషి, కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. రాయి మీద నూట ఇరవైకన్నా పట్టవట. నేను ఈ కథను రెండు గంటలకు తక్కువ ఎప్పుడూ చెప్పలేదు. వానాకాలమైతే మూడు.

మా ఊరు జ్యేగ్వో. అంటే ఎరవు బాణలి. బడాయి పేర్లున్న ఊళ్ళు చుట్టుపక్కల చాలా ఉన్నాయి, డ్రాగన్లూ ఫీనిక్సులూ వాళ్ళు పంచేసుకున్నారు. మాకు బాణలి మిగిలింది.

నేను చెప్పే కథ ఇది. వెనకటికి ఇక్కడ ఊరు లేదు. రేవు, ఒక గుడిసె, ఒంటరి పడవవాడు. వరదొచ్చింది. ఒక పెద్ద పడవ బోల్తాపడి ఏడెనిమిది మంది ఈ ఒడ్డుకు కొట్టుకొచ్చారు. వాళ్ళలో ఒక ఆడమనిషి. ఆకలేస్తోంది, పడవవాణ్ణి బాణలి ఎరవడిగింది. గట్టు మీద ఆకూ అలమూ ఉడికించి అందరికీ పెట్టింది. నీళ్ళు తీశాక మిగతావాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆమె పోలేకపోయింది. బాణలి తిరిగివ్వాలి, ఖాళీగా ఇవ్వకూడదు. మా వైపు అదే పద్ధతి. గుప్పెడు బియ్యమో, రెండు గుడ్లో, గతిలేకపోతే చిటికెడు ఉప్పో, ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. ఇచ్చినవాళ్ళు కూడా నోరు తెరిచి ఇమ్మని అడగకూడదు. మహా అయితే వచ్చి, కూచుని, వాన గురించి మాట్లాడి వెళ్ళొచ్చు. ఖాళీ బాణలి చేతులు మారితే ఇక మీకూ మాకూ రాకపోకలు లేవని అర్థం. ఎరవు తెచ్చినవాడు ఖాళీగా ఇచ్చినా అంతే. సొంతదారు ఖాళీగా పట్టుకుపోయినా అంతే.

(ఇదంతా నాకు నేనే ఎందుకు చెప్పుకుంటున్నానో. వినేవాళ్ళకు చెప్పీ చెప్పీ నోరు దానంతటదే వెళ్ళిపోతుంది.)

ఆమె దగ్గర ఉప్పు కూడా లేదు. దిక్కూ మొక్కూ లేని మనిషి. చివరికి బాణలి అతని గుమ్మంలో పెట్టి, దాని పక్కన తను కూచుంది. వెయ్యడానికేమీ లేక తననే ఇచ్చుకుంది. జనం ఇక్కడ "ఆహా" అంటారు. ఇక్కడే నేను టీ తాగుతాను.

ఇప్పుడు నూట ఇరవై. ముందు వరద తీసేశాను. వరద లేకపోతే పడవ ఎందుకు బోల్తాపడింది? పడవ తీసేశాను. అప్పుడు ఆమె ఎక్కణ్ణించి వచ్చింది? ఆమెను తీసేస్తే పడవవాడూ బాణలీ మిగిలారు. అది నా ప్రస్తుత పరిస్థితి గనక కాగితం మడిచి పెట్టేశాను.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాదు. మాట్ల పని నేర్పిన మా గురువు గుడిసె గోడలకు గాలి రాకుండా పాత వార్తాపత్రికలు అంటించేవాడు. నా చదువంతా ఆ గోడల మీదే. ఉత్తరం గోడకు అంటించినవి తలకిందులుగా ఉండేవి, అందుకని తలకిందులు అక్షరాలు కూడా నాకు సాఫీగా వచ్చు. పెళ్ళయిన కొత్తలో చ్యూయున్‌కు నేర్పుతానన్నాను. "నువ్వు చెబుతూనే ఉంటావుగా, మళ్ళీ చదవడం కూడానా" అంది.

కాగితం అయిపోయింది. రేపటిది కూడా చింపాను. ఎవరూ చూడలేదు.

తొమ్మిదో నెల, పది

రేవులో యూ కనిపించాడు. యూ నాకన్నా మూడేళ్ళు చిన్న, యాభై ఏళ్ళుగా ఈ రేవులో పడవ నడుపుతున్నాడు. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున వంతెన తెరుస్తారు, అప్పటితో సరి.

"పడవలో బాతుల్ని పెంచుకుంటానన్నా. అవి గొడవ చెయ్యవు, అవతలి ఒడ్డుకు తొందరగా పోనియ్యమనవు" అన్నాడు.

నేను వంతెన స్తంభాల గురించి మాట్లాడాను. చేపల గురించి మాట్లాడాను. అతను నవ్వాడు.

"అడగాలనుకున్నది అడుగన్నా. రేవుకి మూడుసార్లు దిగావు, మూడుసార్లు ఎక్కావు."

"అక్క మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"మోకాళ్ళా? నిన్న చిలగడదుంపల గంప నెత్తిన పెట్టుకుని కొండ మీంచి దిగుతోంది. నా మోకాళ్ళు ఆవిడకిచ్చి ఆవిడవి నేను తీసుకుంటా."

"సరే. మంచిదే."

"వదిన బాగానే ఉంది" అన్నాడు నేనడక్కుండానే. "ఆ బాణల్లోనే వండుతోంది. నీ ఊసు ఎత్తలేదు." పడవ గెడ తడిమి చూసుకుంటూ, "నీ కథ విషయంలో నాకెప్పుడూ ఒక అనుమానం అన్నా" అన్నాడు.

"నలభై ఏళ్ళు విని ఇప్పుడా అనుమానం?"

"ఆ పడవవాడికున్నది ఒక్క బాణలి. అది ఆమెకిచ్చాడు. మరి వాడు ఏం తిన్నాడు? ఆమె వండిందే తిన్నాడు. ఇక బాణలి తిరిగొస్తే నష్టం ఎవరికి? నేనూ పడవవాణ్ణే, ఒంటరిగా ఉన్నవాణ్ణే. నేనైతే ఆమె బాణలి తీసుకుని వచ్చే టైముకి అవతలి ఒడ్డున ఉందును. రోజూ."

ఇంటికొచ్చేదాకా ఆ మాట నా వెంటే వచ్చింది.

తొమ్మిదో నెల, పదకొండు

లియావ్ బాణలి తిరిగిచ్చాను. లోపల ఏం పెట్టాలన్నది పెద్ద సమస్య. ఇన్నేళ్ళూ ఆ ఆలోచనలన్నీ చ్యూయున్‌వి. టోఫూ, కోడిగుడ్లు, పచ్చిమిరపకాయలు కలిపి నేనే వండి అందులోనే పెట్టిచ్చాను.

లియావ్ ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమల్లేదు.

"ఖాళీగా ఇవ్వకూడదు, నిజమే అన్నా. కానీ ఖాళీగా ఇచ్చినా నేను తప్పుపట్టేదాన్ని కాదు."

"ఉప్పెక్కువైందా?"

"ఉప్పులో కొంచెం గుడ్డు పడింది."

మళ్ళీ అదే బాణలి ఎరవిచ్చి పంపింది. ఒక గిన్నెడు గంజి వేసి.

తొమ్మిదో నెల, పన్నెండు

బాగానే ఉన్నాను. నిద్ర పట్టింది.

తొమ్మిదో నెల, పదమూడు

గూ టీచరు ఇంటికొచ్చింది.

"తాతగారూ, రాయి చెక్కేవాళ్ళు పదిహేడో తారీఖు పొద్దున మొదలుపెడతారు. మీరు రాసిస్తే సరే, లేకపోతే నేను రాసింది ఇచ్చేస్తాను. మీ మాటలే, మార్పేమీ లేదు" అని చదివింది.

నున్నగా ఉంది. "దిక్కులేని ఒక బిచ్చగత్తె" అని మొదలై, "వేరే గతి లేక ఇక్కడే స్థిరపడెను" అని ముగిసింది.

"బిచ్చగత్తె అని నేననలేదు" అన్నాను.

"అన్నారు తాతగారూ. రెండుసార్లు." కళ్ళజోడు కిందికి దించుకుని టేప్ పెట్టింది.

నా గొంతు నేనెప్పుడూ వినలేదు. మహా తృప్తిగా ఉన్న గొంతు. పొట్ట నిండిన పిల్లిలా ఉంది. కథ నడిచింది, జనం ఆహా అన్నారు, నేను టీ తాగిన చప్పుడు కూడా వినబడింది. తర్వాత ఆ తోక. తర్వాత నవ్వులు. నవ్వులు తగ్గుతుంటే వాటి కింద చెప్పుల చప్పుడు, నాలుగడుగులు లోపలికి, నాలుగడుగులు బయటికి. ఆ చెప్పులు నాకు తెలుసు. ఎడమది కొంచెం ఈడుస్తుంది. వెంటనే నా గొంతు: "లియావమ్మా, ఇంకొంచెం వేణ్ణీళ్ళు."

"ఏం తాతగారూ, ఒంట్లో బాగాలేదా?" అంది గూ టీచరు.

"మూడు రోజులు టైమివ్వండి."

"పదహారు సాయంత్రానికి కావాలి. రాయి మీద పడ్డాక ఇక నా చేతుల్లో ఉండదు, మీ చేతుల్లోనూ ఉండదు."

నా నోట్లోంచి వచ్చింది గాలికి పోతుందనుకుంటూ బతికాను ఇన్నాళ్ళూ. రాయి మీద నిలుస్తుంది. వంతెన దిగి ఊళ్ళోకొచ్చే ప్రతివాడూ చదువుతాడు. చ్యూయున్‌కి చదవడం రాదు. కానీ ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. అది విన్న రోజు ఆమె ఇక ఈ ఒడ్డుకు రాదు. నేనైనా రాను.

తొమ్మిదో నెల, పద్నాలుగు

దీనికి చాలా కాగితాలు పడతాయి. ఇరవై రెండో తారీఖు దాకా చింపుతున్నాను.

నాకు అప్పుడు ఇరవై ఏడేళ్ళు. గురువూ నేనూ కావడి మీద కొలిమీ తిత్తీ మోసుకుని ఊరూరా తిరిగేవాళ్ళం. ఈ ఊళ్ళో బియ్యం మిల్లు చూరు కింద దిగాం. మూడో రోజు ఒకమ్మాయి బాణలి తెచ్చింది. అడుగున బఠాణీ గింజంత చిల్లు. అది చ్యూయున్.

ఇనుప బాణలికి మాటు వెయ్యడమంటే ఊపిరి బిగబట్టే పని. ఇనుము కరిగించి ఎర్రటి బొట్టు తీసి, ఎడమ అరచేతిలో గుడ్డ మెత్త, దాని మీద ఊక బూడిద, బూడిద మీద బొట్టు. కింద నుంచి చిల్లులోకి నొక్కాలి, పైనుంచి గుడ్డ చుట్టతో అదమాలి. చుయ్‌మంటుంది. ఆ చుయ్‌మన్న క్షణంలో చెయ్యి వణికిందా, మాటు నిలవదు. ఆరాక బాణలి ఎత్తి ఆకాశానికి పట్టి చూస్తాం. వెలుతురు కనబడకూడదు.

వెలుతురు కనబడలేదు. నా చెయ్యి వణకలేదు. అది ఇవాళ్టికీ ఒట్టేసి చెబుతాను.

ఏడో రోజున వచ్చింది. "కారుతోంది" అంది.

గురువు అందరి ముందూ లెంపకాయ కొట్టాడు. "నువ్వేసింది మాటా, ఉమ్మా?" అన్నాడు. ఆ దెబ్బ కన్నా ఆ మాట ఎక్కువ నొప్పి. మళ్ళీ వేశాను, పక్కనే, ఇంకా గట్టిగా. అయిదో రోజున మళ్ళీ వచ్చింది. "కారుతోంది."

ఈసారి గురువు కొట్టలేదు, జాలిగా చూశాడు. అది ఇంకా కష్టం. నలభై ఆరేళ్ళుగా నా పనిలో ఆ రెండు మాట్లు రెండు ముళ్ళు. వాటి తర్వాత నేను ముట్టుకున్న ప్రతి బాణలినీ మూడుసార్లు నీళ్ళు పోసి చూశాను. జనం నా జాగ్రత్తని మెచ్చుకునేవారు. అది జాగ్రత్త కాదు, భయం.

కానీ రెండోసారి ఆమె చూరు కిందికి వస్తుంటే, పరువు పోయిందన్న బాధతో పాటు ఇంకోటి కూడా అనిపించింది. కారింది గనకే వచ్చిందిగదా అనిపించింది.

"ఎల్లుండి బయల్దేరుతున్నాం" అన్నాడు గురువు.

మూడో మాటు వేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు. మాటు పక్కన వెంట్రుక దూరేంత సందు వదిలేసి, దాని మీద బూడిదా నూనే రుద్దాను. ఆకాశానికి పట్టినా కనబడదు. రెండుసార్లు నీళ్ళు కాస్తే ఊడుతుంది. తెలిసి చేశాను. పనివాడు చెయ్యకూడని పని.

మర్నాడే వచ్చింది. "దీనికి చాలా టైము పడుతుందండీ, ఇక్కడే ఉంచండి" అన్నాను. గురువు వెళ్ళిపోయాడు, నేను బాణలితో ఉండిపోయాను. అరపూట పనిని నాలుగు నెలలు చేశాను. ఈ ఊరి ఆడపిల్ల కదా, బాణలి ఇమ్మని నోటితో అడగలేదు. రోజూ వచ్చి, కూచుని, వాన గురించి మాట్లాడి వెళ్ళేది. ఆ ఏడాది వానలు పడనేలేదు. అయినా రోజూ వాన గురించే.

పెళ్ళయింది. బాణలి పొయ్యెక్కింది. తిరిగి ఇవ్వనేలేదు. అంటే నలభై ఆరేళ్ళుగా అది నా దగ్గర ఎరవే. లోపల ఏదో ఒకటి వేసి నేనివ్వాల్సింది పోయి, ఆమె ఖాళీగా తీసుకెళ్ళే దాకా తెచ్చాను.

టీకొట్టులో చెప్పిన తోక అబద్ధం. దిక్కులేనివాణ్ణి నేను. వెంట్రుకంత చిల్లు వదిలి, దాంట్లోంచి ఈ ఊళ్ళోకి దూరాను.

నిద్ర పట్టడం లేదు. ఇదిగో, రాశాను.

తొమ్మిదో నెల, పదిహేను

యూ పడవెక్కాను. ఆరు బాతుగుడ్లు, చేమదుంపలు, జేబులో నిన్నటి కాగితాలు. (ఇక క్యాలెండరు చింపను, ఇది టీకొట్టు పొట్లం కాగితం.) నన్ను దించేటప్పుడు యూ "సాయంత్రం ఒకరా, ఇద్దరా?" అన్నాడు.

అక్క పెరట్లో చిక్కుడుకాయలు ఎండబెడుతోంది. "మరిదీ! నా మోకాళ్ళు చూద్దామనొచ్చావా?" అని రెండుసార్లు లేచి కూచుని చూపించింది.

చ్యూయున్ వంటింటి గుమ్మంలో వెల్లుల్లి వలుస్తోంది. తలెత్తింది, దించింది. "కోటు లేకుండా వచ్చావు" అంది.

బాణలి పొయ్యి మీద ఉంది. నిండా చిలగడదుంపల గంజి. ఇది నేననుకోలేదు. నేను తెచ్చింది అందులో వెయ్యాలంటే ముందు అది ఖాళీ కావాలి. ఒక గిన్నె పెట్టించుకున్నాను. ఇంకోటి. మూడోది. అక్క నోరు తెరిచి చూస్తోంది.

"ఇంట్లో వీడికి తిండి లేదేమిటే?"

"వండుకుని ఉంటాడు, అందుకే" అంది చ్యూయున్.

అయిదో గిన్నెకు అడుగు కనబడింది. బాణలి దించి, తొట్టి దగ్గర తోమి, తుడిచి, ఆకాశానికి పట్టి చూశాను, అలవాటు కొద్దీ. పక్కపక్కన నల్లటి మాట్లు, ఒక్క వెలుతురు చుక్క లేదు. గుడ్లూ దుంపలూ అందులో పెట్టాను. వాటి మీద కాగితాలు పెట్టి, తెచ్చి తన ముందుంచాను.

"నీ బాణలి" అన్నాను. "ఇవ్వడం ఆలస్యమైంది."

"కాగితాలు తాలింపు వేసుకోవాలా మరిదీ?" అంది అక్క.

"నువ్వు చిక్కుళ్ళు చూసుకో అక్కా" అంది చ్యూయున్. నాతో, "చదువు, నాకు రాదని తెలుసుగా" అంది.

వందమంది ముందు తడబడని గొంతు నాది. తొమ్మిది కాగితాలు చదవడానికి మూడుచోట్ల ఆగాల్సొచ్చింది. వెంట్రుక సందు దగ్గర మరీ. తను వెల్లుల్లి వలవడం ఆపలేదు. అయిపోయాక ఒళ్ళోని పొట్టు దులుపుకుంది.

"మొదటి మాటు గట్టిగానే వేశావు" అంది.

"ఏడో రోజుకే కారిందిగా."

"కారలేదు. మేకు పెట్టి రాయితో కొట్టాను. రెండు దెబ్బలకు గానీ ఊడలేదు."

నాకు మాట రాలేదు. నాకు!

"రెండోదానికి నాలుగు దెబ్బలు పట్టింది. మా అమ్మ వింటుందేమోనని భయపడి చచ్చాను. నిన్ను ఆ ముసలాడు కొట్టాడని తర్వాత తెలిసి ఏడ్చాను కూడా. అయినా కొట్టాను."

"మూడోది?"

"మూడోసారి మేకు జేబులో వేసుకుని, ముందు నీళ్ళు కాద్దామని పెట్టాను. అప్పటికే కారుతోంది." ఆమె మొహంలో పాతికేళ్ళో నలభై ఏళ్ళో వెనక్కి పోయినట్టు ఏదో కదిలింది. "పొయ్యి ఆరిపోయింది. నేను పొయ్యి ముందే కూచుని నవ్వుతూనే ఉన్నాను. ఇంత మంచి పనివాడు ఇంత చెత్త పని ఎందుకు చేస్తాడు అని."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"నువ్వు సందిస్తేగా ముసలాడా."

పెరట్లో అక్క చిక్కుడుకాయలు తిరగేస్తున్న చప్పుడు ఆగిపోయింది. వింటోందని ఇద్దరికీ తెలుసు.

"నాకా ఏడాది రెండు సంబంధాలొచ్చాయి" అంది చ్యూయున్. గొంతు మారింది. "ఒకటి మిల్లువాళ్ళది. ఇటుకల ఇల్లు. నన్ను పీనాసి అను, గయ్యాళి అను, జనాన్ని నవ్వించుకో, పడతాను. వెళ్ళే చోటు లేక ఉండిపోయానని మాత్రం అనకు. ఆ వరదలో వచ్చినావిణ్ణి కూడా అనకు. ఉప్పు లేకపోతే ఏం, రెండు చేతులున్నాయి. ఏడెనిమిది మందికి వండిపెట్టిన మనిషికి ఎక్కడైనా ఇంత ముద్ద దొరకదా? ఉండాలనుకుని ఉంది. అంతే."

"ఇంటికి రా" అన్నాను.

"రాయి మీద ఏం రాస్తావో చూసి వస్తాను."

యూ నన్నొక్కణ్ణే చూసి గెడ తీశాడు. ఇవతలి ఒడ్డు చేరేదాకా ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

తొమ్మిదో నెల, పదహారు

గూ టీచరుకు కాగితమిచ్చాను. ఆవిడ చదివి, వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ ముందుకు తిప్పింది.

"ఇంతేనా తాతగారూ?"

ఇంతే. "బాణలి ఎరవు తీసుకుంది. తిరిగివ్వడానికి వచ్చింది. ఇవ్వనివ్వకుండా అతను తప్పించుకు తిరిగాడు. ఉండాలనిపించి ఆమె ఉంది. ఇది వాళ్ళ ఊరు."

"వరద లేదు. పడవ లేదు. సగం కన్నా ఎక్కువ చోటు మిగిలిపోతుంది. మీరేనా రాసింది?"

"మిగలనివ్వండి. వంతెన దిగినవాళ్ళు ఆ ఖాళీ మీద వీపానించి కూచుంటారు."

"ఇది టేపులో లేదే."

"టేపులో ఉన్నది నేను చెప్పింది. ఇది నిజం కావచ్చు."

ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నా జన్మలో నేను ఖాళీగా వదిలిన మొదటి చోటు అది.

తొమ్మిదో నెల, పద్ధెనిమిది

నిన్న యూ వెళ్ళి, రాయి మీద చెక్కుతున్నది ముక్కముక్కగా చదివించుకుని కంఠతా పట్టి, అవతలి ఒడ్డున అప్పజెప్పాడట. ఒక్క ముక్క పొల్లుపోలేదని అతనే చెప్పుకున్నాడు.

ఇవాళ మధ్యాహ్నం నేను టీకొట్టులో ఉన్నాను. కథేమీ చెప్పడం లేదు. "వచ్చింది, కాలరు సరిచేసుకో" అంది లియావ్.

చ్యూయున్ చంకలో బాణలి. బాణల్లో అక్క ఉప్పులో ఊరవేసిన ఆవకూర, అంచుల దాకా. తిన్నగా ఇంట్లోకి వెళ్ళి, బాణలి పొయ్యి మీద పెట్టి, చుట్టూ చూసింది. గోడ దగ్గర ఆగింది.

"ఇవాళ పద్ధెనిమిదేగా?"

"అవును."

"మరి క్యాలెండర్లో ఇరవై మూడు ఉందేం? ఇంకా రాని రోజులు చింపి పారేశావా?"

"పారెయ్యలేదు. అవి నీ దగ్గరే ఉన్నాయి."

అవునన్నట్టు జాకెట్టు జేబు తడుముకుంది. కాగితాలు గరగరలాడాయి. అప్పుడు గుర్తొచ్చింది, మొన్న అడగడం మరిచిపోయాను.

"ఆ మేకు ఏం చేశావే?"

చ్యూయున్ ఆవకూర గిన్నెలోకి తీస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది:

"ఏటా పీకి పారేస్తానంటావుగా, దాన్నే అడుగు."